టీకాల జాబితా వినే అక్క

కర్ణాటక సరిహద్దులోని యాపలదిన్ని ఆశా కార్యకర్తను మేమంతా అక్కా అనేవాళ్లం. టీకాలు వేయాల్సిన పిల్లల కోసం ఆరోగ్య కేంద్రంలో నేనొక వెబ్ పేజీ తయారుచేశాను. బటన్ నొక్కితే పేర్లన్నీ ఎక్సెల్ ఫైల్‌గా డౌన్‌లోడ్ అవుతాయి. అక్క బటన్ తానే నొక్కేది. పేర్లు మాత్రం నన్ను చదవమని, కళ్లు మూసుకుని వినేది. చదువు వచ్చిన మనిషి ఇలా ఎందుకు చేస్తుందో నాకు అంతుబట్టేది కాదు.

ఒకసారి చివరి పేరు చదివేసినా ఆమె కళ్లు తెరవలేదు.

"కిరాణం దుకాణం ఎన్కింటి పిల్ల ఏది తమ్మీ?"

"లిస్టుల లేదక్కా."

"నేను మనసుల ఇల్లిల్లు తిరుక్కుంట వింట. ఆ ఒక్కిల్లు మిగిలింది."

కంప్యూటర్ తప్పు చేయదన్నాను.

మర్నాడు అక్క ఆ పిల్ల తల్లిని వెంటబెట్టుకుని, పాపను చంకనేసుకుని వచ్చింది. పాపను నా బల్లమీద కూచోబెట్టి, "ఇగో, లేదంటివి గదా!" అంది.

సిగ్గుతో వెతికితే తప్పు నాదే. తెరమీద కనిపించే మొదటి పేజీ ఒక్కటే ఫైల్‌లోకి దిగుతోంది. కొత్తగా చేరిన పేర్లున్న రెండో పేజీ ఉండిపోతోంది. సరిచేసి నొక్కాను. పాప పేరు వచ్చింది. దాని కింద పక్క ఊరి పిల్లలు ముగ్గురు.

అక్క సంతోషిస్తుందనుకున్నాను.

"ఇయ్యాలే గదా సూదిమందు! వీళ్లకెవరు చెప్తరు?" అంటూ ఫోన్ తీసి, ఆ ఊరి కార్యకర్తకు కన్నడంలో మూడు పేర్లూ గట్టిగా చదివి వినిపించింది.