ముగ్గురూ ఒకే బండెక్కిన రోజు

షాహీదా నీకేమవుతుందని మా చల్లపల్లిలో చాలామంది అడిగారు. చుట్టమా, పక్కమా? మా ఆయన ఇవాళ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడంటే ఆ పిల్ల చలవే. ఇంకేం కావాలి నాకు?

విజయవాడ వన్ టౌన్‌లో, బట్టల కొట్ల వెనక సందులో, చీరలకు ఫాల్సు కుట్టుకుని బతికే మనిషి షాహీదా. వాళ్ళ నాన్న కరిముల్లా గారికి కిడ్నీలు పోతే చివరిదాకా డయాలసిస్‌కి తిప్పింది. ఆయన పోయాక ఇంకొకళ్ళయితే ఆసుపత్రి ఛాయలకు కూడా వచ్చేవాళ్ళు కారు. ఈ పిల్ల మాత్రం రావడం మానలేదు. పొద్దున కుట్టుపని, మధ్యాహ్నం మా డయాలసిస్ వార్డు. ఎవరికి మందులు తేవాలి, ఎవరి చెయ్యి సూదులకు వాచింది, అన్నీ ఆమెకే కావాలి. మసీదు వీధి పెద్దల ట్రస్టుకు రోగుల్ని చేరవేసే వ్యాను ఒకటుంది. అది ఎప్పుడు ఎక్కడికి వెళ్ళాలో చూసే పని కూడా వాళ్ళు ఆమెకే అప్పగించారు.

మా ఆయన చౌడయ్యది నేతపని. కిడ్నీలు చెడిపోయాయి, వారానికి రెండుసార్లు విజయవాడ వెళ్ళి డయాలసిస్ మిషను మీద పడుకోకపోతే బతకడని డాక్టర్లు తేల్చి చెప్పారు. మిషనుకు డబ్బు కట్టక్కర్లేదు, వెళ్ళి రావడమే గండం. తిరుగు బస్సులో సీటు దొరక్కపోతే నా భుజం మీద వాలి నిలబడేవాడు. ఆ మసీదు వీధి వ్యానేమో విజయవాడ దాటేది కాదు. కిరాణా వర్తకుడు వేణుగోపాల్ గారి ట్రస్టు ఆసుపత్రి గేటు దగ్గర మధ్యాహ్నం భోజనాలు పెట్టేది. సరిగ్గా ఆ వేళకు మావాళ్ళంతా మిషన్ల మీద ఉండేవాళ్ళు. చర్చి సంఘం తరఫున స్టెల్లా సిస్టర్ రోగుల ఇళ్ళకు వెళ్ళి ఏం తినాలో, ఏం తినకూడదో చెప్పేవారు. పల్లెలకు రావడానికి ఆవిడకు బండి లేదు. అందరూ మంచివాళ్ళే, కానీ ఎవరికి వారే యమునా తీరే. నాకు ఒళ్ళు మండేది. పుణ్యం చేసేవాళ్ళ మీద ఒళ్ళు మండితే కళ్ళు పోతాయంటారేమో, పోతే పోనీ.

కిందటి ఎండాకాలం వేణుగోపాల్ గారు వాళ్ళమ్మగారి పేరు మీద మా వార్డు బయట కొబ్బరిబోండాలు పంచారు. ఎండన పడి వచ్చినవాళ్ళకు చలవ చేస్తుందని ఆయన ఉద్దేశం. కిడ్నీలు పనిచేయనివాళ్ళకు ఆ నీళ్ళే విషమనీ, గుండె ఆగిపోవచ్చుననీ పాపం ఆయనకు తెలియదు. మా ఆయనకు తెలుసు. తెలిసీ తాగాడు! ఎందుకయ్యా అంటే, అంత పెద్దమనిషి బోండాం చేతిలో పెట్టి, పక్కన ఫొటో తీస్తుంటే వద్దని ఎలా అనను అన్నాడు. మొహమాటం. ప్రాణం మీదికి వచ్చినా, పెట్టిన చేతిని కాదనలేడు. నేను మందుల కొట్టు నుంచి వచ్చేసరికి ఒళ్ళంతా చెమటలతో గోడకు జారిపోయి ఉన్నాడు. షాహీదా స్ట్రెచరు కోసం కేకలేస్తోంది. డాక్టర్లు మళ్ళీ మిషను ఎక్కించి మనిషిని దక్కించారు.

గండం గడిచిందని నేను దణ్ణాలు పెట్టుకుంటుంటే, ఆ ఫొటో ఫోన్లలో మా ఊరు చేరింది. బోండాం కోసం చెయ్యి చాచి చావబోయావటగా అని మా బజారులో ఒకడు నవ్వాడు. వాడి నోరు పడిపోను! అంతే, ఈయన ఇక విజయవాడ వెళ్ళనన్నాడు.

"నలుగురికీ బట్ట నేసిచ్చిన చేతులే ఇవి. ఆ ఫొటోలో చూశావా, ఎట్టా ఉన్నయ్యో? ఒకళ్ళు పెడితే బతికే బతుకు నాకొద్దు."

ఏడ్చాను, తిట్టాను, అన్నం మానేశాను. పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. మిషనెక్కాల్సిన రోజు దాటిపోయింది. కాళ్ళు పొంగాయి. పడుకుంటే ఆయాసం, మంచం మీద కూర్చునే కునికేవాడు. ఇంకోసారి తప్పితే నా మనిషి నాకు దక్కడని భయమేసి షాహీదాకు ఫోన్ చేశాను. ఒక్క పూట ఆగు పిన్నీ అని పెట్టేసింది.

ఆ పూట ఆమె ఏం చేసిందో తర్వాత స్టెల్లా సిస్టర్ చెప్పారు. ఒక ట్రస్టు ఆఫీసుకు ఇంకో ట్రస్టు వాళ్ళు రారు కదా! అందుకని వార్డు ముందు వరండాలోనే కుర్చీలు వేసి, వేణుగోపాల్ గారినీ, సిస్టర్‌నీ, మసీదు వీధి పెద్దల్నీ పిలిచి టీలు తెప్పించింది. కొబ్బరినీళ్ళ సంగతి విని వేణుగోపాల్ గారు, పుణ్యానికి పోతే పాపం ఎదురైందమ్మా అని కళ్ళు తుడుచుకున్నారట. రోగులకు ఏం వండాలో సిస్టర్ చెప్పేట్టు, ఆయన మనుషులు అదే వండి, మావాళ్ళు మిషన్ దిగే వేళకు పెట్టేట్టు ఒప్పందమైంది. వ్యాను ఊరు దాటడానికి మసీదు వీధి పెద్దలు సరేనన్నారు. డీజిలు వేణుగోపాల్ గారు పోయిస్తారు, అందులోనే సిస్టర్ పల్లెలకు వెళ్తారు. మరి బ్యానరు మీద ఎవరి పేరు ముందు వెయ్యాలని ఒకాయన అడిగితే, బ్యానరూ వద్దు, ఫొటోలూ వద్దు అందట షాహీదా.

మర్నాడు పొద్దున్నే వ్యాను మా గుమ్మం ముందు ఆగింది. షాహీదా, వేణుగోపాల్ గారు, స్టెల్లా సిస్టర్ దిగారు. వేణుగోపాల్ గారు మా ఆయన చేతులు పట్టుకుని, తెలియక చేశానయ్యా, క్షమించమన్నారు. అయ్యో అంత మాటెందుకండీ అని ఈయన, వాళ్ళకు కాఫీ పెట్టమని నాకు పురమాయించాడు. తను మాత్రం రానన్నాడు. ఆ క్షణాన కాఫీ గిన్నె ఆయన నెత్తిన వెయ్యాలన్నంత కోపం వచ్చింది నాకు.

అప్పుడు షాహీదా మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"బాబాయి గారూ, మీకేదో పెట్టడానికి రాలేదండీ. అడగడానికొచ్చాం. మేం ముగ్గురం ఒక బండెక్కడం ఇదే మొదలు, అదీ మీకోసం. మీరు రానంటే రేపట్నించి మళ్ళీ ఎవరి దారి వాళ్ళదే. మా నాన్నను తిప్పేటప్పుడు నాకిట్టాంటి బండి లేదు. దీన్ని మీరే నిలబెట్టాలి."

ఈయన మంచం పట్టె పట్టుకుని కాళ్ళు కిందికి దించాడు. తర్వాత నాతో, చొక్కా ఇటు తే అన్నాడు. తలుపు వెనక్కి వెళ్ళి ముందు ఏడ్చి, తర్వాత చొక్కా తెచ్చాను. కన్నతల్లి కూడా ఇట్లా అడిగి లేపదు. ఏ జన్మలో రుణమో, ఈ జన్మలో నేను తీర్చలేను.

ఉయ్యూరు వచ్చేసరికి మా ఆయన బండి ఆపమన్నాడు. వార్డులో ఆయన పక్క మంచం రావమ్మది ఆ ఊరే. బస్సులెక్కలేక ఆమె కూడా రావడం మానేసిందట, ఆ సంగతి ఈయన నాకు కూడా చెప్పలేదు. మేం వెళ్ళి పిలుస్తామంటే, మీరు పిలిస్తే రాదన్నాడు. పొంగిన కాళ్ళతో, నా భుజం పట్టుకుని వాళ్ళ వాకిట్లోకి నడిచాడు.

"రావమ్మా, నేనూ రానన్నవాణ్ణేనమ్మా. లే, బండి నీకోసమే ఆగింది."

ఆమె చెప్పులేసుకుని, వాళ్ళ కోడలి చెయ్యి పట్టుకుని వచ్చి వ్యాను ఎక్కింది. బండి కదిలాక మా ఆయన షాహీదా వైపు తిరిగి, ఇంకా రానివాళ్ళు ఏ ఊళ్ళల్లో ఉన్నారమ్మా అని అడిగాడు.