చిన్నమ్మ కొలతలు

మా చిన్నమ్మ పోయింది. పొద్దున నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే అమ్మ పామిడి నుంచి ఫోన్ చేసింది. హలో అన్నాను. వెనక ఎవరో బిందె దించిన చప్పుడు, ఎవరో ఏడుస్తున్న చప్పుడు వినపడ్డాయి. తర్వాత అమ్మ, "చిన్నమ్మ ఇంక లేదు మే. కాఫీ ఇయ్యక్కా అనింది. కలిపి తెచ్చేలోపల పోయింది" అంది. ఆ కాఫీ గ్లాసు ఇంకా తన చేతిలోనే ఉందని కూడా చెప్పింది. అప్పుడు ఏడుపు మొదలైంది, అటు అమ్మకీ, ఇటు నాకూ.

చిన్నమ్మ అంటే మా అమ్మ చెల్లెలు. పామిడిలో ఉండేది, దగ్గర్లో ఒక పల్లెలో ఎలిమెంటరీ స్కూలు టీచరు. పేపర్లో వేయదగ్గ పనులేవీ ఆమె చేయలేదు. అయిదడుగులకు బెత్తెడు తక్కువగా ఉండేది. ఊళ్లో అందరూ పొట్టి టీచరు అనేవాళ్లు. మొదట్లో అది ఎగతాళే, పోనుపోనూ పేరైపోయింది. మా అమ్మ పొడగరి, నాయన ఇంకా పొడగరి. నేను మాత్రం చిన్నమ్మ పోలిక. అదే ఎత్తు, అవే ఇరుకు భుజాలు. "ఇంట్లో ఇంతమంది ఉండగా నా పోలికే రావాల్నా నీకి" అని నా నెత్తిన మొట్టికాయ వేసేది.

ఆమె గురించి రాద్దామని కూర్చుంటే నాకు బట్టలే గుర్తుకొస్తున్నాయి. చనిపోయిన మనిషి గురించి చెప్పుకోవడానికి ఇదేం విషయం అని మీకు అనిపించవచ్చు. కానీ కొట్టుకు పోయిన ప్రతిసారీ తన ఒంటికి సరిపోయేది ఒక్కటీ దొరక్క ఉత్త చేతులతో తిరిగొచ్చిన ఆడమనిషిని ఎవరినైనా అడగండి, ఆమె చెబుతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో చిన్నమ్మ అందరిలాగే చీర కట్టుకుని బడికి పోయేది. చీర వెడల్పు ఆమె ఎత్తుకు ఎక్కువ. మిగిలిందంతా నడుం దగ్గర మడిచి దోపుకుంటే పొట్ట ముందు మూట కట్టినట్టు ఉండేది. కుచ్చిళ్లు కాళ్లకు అడ్డం పడేవి. అలాంటి రోజుల్లోనే ఒక రైతు తన కొడుకును బళ్లో చేర్పించడానికి వచ్చి, గుమ్మంలో నిలబడి, "పాపా, టీచరమ్మ యాడుండాది?" అని అడిగాడట.

"నేనేనప్పా" అంది చిన్నమ్మ.

అతను నవ్వి, ఆమె తల మీదుగా లోపలికి తొంగిచూసి, "టీచరమ్మా!" అని గట్టిగా కేకేశాడట. తరగతి మొత్తం పకపకా నవ్వింది.

ఈ సంగతి చిన్నమ్మ మాకు ఎన్నోసార్లు నవ్వుతూనే చెప్పింది. కానీ చెప్పిన ప్రతిసారీ చివర్లో నవ్వు ఆపి, "ఆ యప్ప నవ్వినందుకు కాదు మే. పిల్లోళ్లు నవ్వినారు చూడు, ఆడ నాకు పానం పోయినట్లయింది" అనేది.

ఆ ఆదివారమే ఆమె చీరకు కత్తెర పెట్టింది. నడుం దగ్గర దోపుకునే వైపు, పైట భాగం ముట్టుకోకుండా, బెత్తెడు పీలిక పొడుగునా కత్తిరించి అంచు మడిచి కుట్టేసింది. మా అవ్వ చూసి గుండెలు బాదుకుంది.

"నిండు చీరకు కత్తెర పెట్టేకి చేతులెట్ల వచ్చినాయే నీకి!"

"ఇన్నాళ్లూ చీరే నన్ను కట్టుకునిందిమా. ఇంకమీద నేను చీర కట్టుకుంటా" అంది చిన్నమ్మ.

మరుసటిరోజు నుంచి చీర ఆమె ఒంటిమీద నీళ్లు జారినట్టు అమరేది. వెడల్పు అంచులు మానేసింది. సన్నంచు చీరలు, చిన్న చిన్న పూలు, లేకపోతే ఒకే రంగు. పెద్ద పువ్వుల చీర ఎవరైనా పెడితే తీసుకుని, మర్యాదగా ఒకసారి కట్టుకుని, పొడుగ్గా ఉండేవాళ్లను వెతికి ఇచ్చేసేది. "ఈ పువ్వు నాకంటే పెద్దగుండాది" అనేది.

పెళ్లి చేసుకోలేదు. ఎందుకో కూడా ఆమే చెప్పింది. చూడ్డానికి వచ్చినవాళ్లలో ఒకావిడ, "లేచి నిలబడమ్మా, ఎత్తు చూస్తాము" అందట. "నిలబడే ఉండాను గదక్కా" అని చిన్నమ్మ జవాబు. గదిలో అందరూ నేల చూపులు చూశారు. వాళ్లు వెళ్లిపోయాక చిన్నమ్మ అవ్వను పిలిచి, ఇంక ఎవరినీ రానీయొద్దని చెప్పింది. చెప్పినట్టే ఉండిపోయింది. ఆ రోజు ఏడ్చావా అని ఒకసారి అడిగాను. "ఏడ్చకుండా ఎట్లుంటా" అంది. 

నేను ఇంటర్ చదివేటప్పుడు, తొంభైల చివర్లో, అనంతపురంలో రెడీమేడ్ షాపులు వరసగా తెరుస్తున్నారు. నాకు చుడీదార్ కొనడానికి చిన్నమ్మ నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. షాపతను మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, "చిన్నపిల్లల సెక్షను పైనుండాది పాపా" అన్నాడు.

"ఏమప్పా, ఎవురు పాప? నాకు ఇస్కూలు నిండా పాపలుండారు" అంది చిన్నమ్మ. అయినా పైకి వెళ్లాం. అక్కడున్నవన్నీ రిబ్బన్లు, బొమ్మలు, బుడగల్లాంటి చేతులు. పొడవు సరిగ్గా సరిపోయింది. ఎద దగ్గర గుండీ పెట్టుకోవడానికి రాలేదు. కింద పెద్దవాళ్ల సెక్షన్లో ఉన్నవాటిలో నేను మునిగిపోయాను. భుజం కుట్టు మోచేతి దగ్గరికి జారింది, పక్క చీలిక మోకాలి దగ్గర మొదలైంది. "కింద కొంచెం కత్తిరించుకుంటే సరిపోతాది మేడమ్" అన్నాడతను.

"కింద కత్తిరిస్తే గుడ్డ పొట్టిదవుతాది. నడుము యాడుండాలో ఆడికి వస్తాదా?" అంది చిన్నమ్మ.

ఉత్త చేతులతో బయటికొచ్చాం. నాకు ఏడుపొచ్చేస్తోంది. బస్టాండు దగ్గర చెరుకురసం తాగించి అంది: "నీ ఒళ్లు తప్పు కాదు మే. ఆ గుడ్డ కుట్టినోళ్లు నిన్ను చూడలేదు. అంతే."

పదహారేళ్ల పిల్లకు ఆ మాట ఎంత ఊరటో నేను చెప్పలేను. అప్పటిదాకా తప్పు నాదే అనుకుంటూ ఉన్నాను.

ఆ తర్వాత కొన్నేళ్లు వరసగా వానలు మొహం చాటేశాయి. చెనక్కాయ పైరు ఊడలు నేలలోకి దిగి కాయ పట్టకముందే మాడిపోయింది. చిన్నమ్మ బళ్లో పిల్లలు సగం మంది అమ్మానాన్నలతో బెంగుళూరుకు పోయారు. అలాంటి రోజుల్లో కూడా ఆమె ఇస్త్రీ మడత నలగకుండా బడికి పోతుంటే వీధిలో కొందరికి కంటగింపుగా ఉండేది. నీళ్ల ట్యాంకరు దగ్గర ఒకావిడ నా ముందే అంది: "కరువులో ఈ సోకులేంది టీచరమ్మా?"

చిన్నమ్మకు కోపం రాలేదు. "నేను మాసిన గుడ్డ కట్టుకుంటే వాన వస్తాదంటే చెప్పక్కా, ఈ పొద్దే కట్టుకుంటా" అంది. ఆవిడే ముందు నవ్వింది. తర్వాత ఆవిడ కూతురికి జాకెట్టు మెడ ఎలా ఉండాలో చిన్నమ్మే సలహా చెప్పింది.

డిగ్రీ అయ్యాక నాకు మొదటి ఇంటర్వ్యూ వచ్చింది. మా పెదనాన్న కూతురి చుడీదార్ వేసుకుని, చేతులు మడిచి పిన్నులు పెట్టుకుని, చిన్నమ్మకు చూపించడానికి పామిడి వెళ్లాను. ఆమె పిన్నులు ఒక్కొక్కటే తీసేసింది. "ఇప్పు దీన్ని" అంది.

పామిడిలో వీధికి నాలుగిళ్లలో కుట్టు మిషన్ల చప్పుడు వినిపిస్తుంది. చిన్నమ్మ తన జాకెట్లు కుట్టే భాయ్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన టేపు మెడలోంచి తీయకుండానే, "పాప సైజు తెల్దా టీచరమ్మా, కుట్టేస్తాలే" అన్నాడు.

"తెలుసనుకునే అందరూ మాకు గోనెసంచులు కుడతాండారు భాయ్. ముందు టేపు తియ్యి."

కుట్టిచ్చాడు. వదులుగా ఉంది. చిన్నమ్మ అక్కడే నిలబడి విప్పించింది. భుజాలు లోపలికి, చంక పైకి, నడుం కుట్టు ఇంకా పైకి. ఆయన విసుక్కున్నాడు. "ఇంత ఇబ్బంది పెట్టేవాళ్లను నేను చూడలేదమ్మా" అన్నాడు. చిన్నమ్మ టీ తెప్పించింది. ఇద్దరూ తాగారు, మళ్లీ వాదించుకున్నారు, మళ్లీ కుట్టాడు. చీకటి పడే ముందు నేను వేసుకుని అద్దం ముందుకొచ్చాను. అద్దంలో ఉన్నది నా వయసు మనిషి. అంతకు ముందు ఎప్పుడూ నన్ను నేను అలా చూసుకోలేదు. భాయ్ కళ్లద్దాలు సర్దుకుని, "బాగుండాదమ్మా" అన్నాడు. అమ్మా అన్నాడు, పాపా అనలేదు. చిన్నమ్మ నా వైపు చూసి కనుబొమలు ఎగరేసింది.

ఆ ఉద్యోగం నాకు రాలేదు. కానీ ఆ గదిలోకి వెళ్లగానే బల్ల వెనకున్న పెద్దాయన "కూర్చోండి" అన్నాడు. ఇంటికొచ్చి చిన్నమ్మకు ముందు ఆ మాటే చెప్పాను. ఇంకో ఉద్యోగం వచ్చినప్పుడు కూడా ఆమె అంత సంతోషపడలేదు.

రెండేళ్ల కిందట ఆమె బట్టలు వదులవడం మొదలైంది. "కొత్త లెక్కలు నేర్పేకి గొంతు చించుకుని చిక్కిపోతాండా" అనేది. కడుపులో మంట అంటే గ్యాస్ అనుకున్నాం. బెంగుళూరు ఆస్పత్రికి తీసుకెళ్లేసరికి కడుపులో గడ్డ బాగా ముదిరిందని చెప్పారు. ఆపరేషను చేశారు. తర్వాత ఎక్కించిన మందులకు జుట్టంతా రాలిపోయింది.

ఆస్పత్రిలో రోగులకిచ్చే గౌను అందరికీ ఒకటే కొలత. అందులో చిన్నమ్మ కనిపించలేదు. మెడ దగ్గర జారిపోతుంటే ఒక చేత్తో పట్టుకుని పడుకునేది. ఆమె దగ్గర చదువుకున్న పిల్లలు ఇద్దరు, పెద్దవాళ్లై బెంగుళూరులోనే పని చేసుకుంటున్నవాళ్లు, పండ్లు పట్టుకుని చూడ్డానికొచ్చారు. చిన్నమ్మ నన్ను దగ్గరికి పిలిచి, "వాళ్లను బయటే ఉండమను మే. ఇట్ల నన్ను చూడొద్దు" అంది. ఆమె గొంతులో బతిమాలడం నేను వినడం అదే మొదలు. నర్సును అడిగి, ఆస్పత్రికని కొత్త గుడ్డ కొని ఆమె కుట్టించుకున్న నీలం కుర్తా సంచిలోంచి తీసి తొడిగాను. ముందు గుండీలున్నది కాబట్టి సూదులకు అడ్డం రాదని నర్సు ఒప్పుకుంది. అది కూడా వదులే అప్పటికి. పక్కలు వెనక్కి లాగి పిన్నులు పెట్టి, దిండుకు ఆనించి కూర్చోబెట్టాను. తలకు రుమాలు తనే కట్టుకుంది. "ఇప్పుడు రమ్మను" అంది. పిల్లలొచ్చి నమస్కారం టీచర్ అన్నారు. ఎక్కాలు వస్తాయా ఇంకా అని అడిగింది వాళ్లను.

ఆ సాయంత్రం నా చేత సూదీ దారం తెప్పించి, కుర్తాకు రెండు పక్కలా లోపలికి కుట్టు వేయించుకుంది. మిగిలిన గుడ్డ కత్తిరించబోతే నా చెయ్యి పట్టుకుంది.

"కత్తిరించొద్దు. లోపలే ఉండనీ. ఒళ్లొచ్చినప్పుడు కుట్టు విప్పుకుంటే సరిపోతాది."

పామిడికి తెచ్చాక అమ్మ ఆమె దగ్గరే ఉండిపోయింది, నేను సెలవు దొరికినప్పుడల్లా వెళ్లేదాన్ని. నేను వెళ్లిన ప్రతిసారీ ఆమె ఇంకొంచెం తగ్గి ఉండేది. మంచం దగ్గర కూర్చోగానే కుర్తా చేతిలో పెట్టి, "కొంచెం లోపలికెయ్యి" అనేది. పాత కుట్టు పక్కన ఇంకో కుట్టు. గుడ్డ మాత్రం కత్తిరించనిచ్చేది కాదు. నేను కుడుతున్నంతసేపూ కళ్లు మూసుకుని వినేది. సూది చప్పుడేం వినపడుతుందని అడిగితే, "దారం లాగేది వినపడతాది" అంది. తొడిగాక లేచి కూర్చుని భుజాలు తడుముకుని చూసుకునేది. సరిపోయిందా అంటే, "సరిపోయింది" అనేది.

అమ్మ ఫోన్ వచ్చిన రోజు నేను పామిడి చేరేసరికి ఇంటినిండా జనం. ఆడవాళ్లు ఆమెకు స్నానం చేయించి కొత్త చీర చుట్టారు. ముఖం మాత్రం కనిపిస్తోంది. బడి పిల్లలు వరసగా వచ్చి, చెప్పులు బయట విడిచి, ఏం చేయాలో తెలియక చేతులు కట్టుకుని నిలబడ్డారు. 

అన్నీ అయిపోయాక లోపలి గదిలోకి వెళ్లాను. నీలం కుర్తా మేకుకు తగిలించి ఉంది. తీసి, మంచం మీద కూర్చుని లోపలివైపుకు తిప్పాను. రెండు పక్కలా నా వంకర టింకర కుట్లు, ఒకదాని పక్కన ఒకటి, లోపలికి జరుగుతూ వెళ్లాయి. వాటి వెనక ఆమె కత్తిరించనివ్వని గుడ్డ మడత పడి ఉంది. వేలితో విప్పి చూశాను. పైన కుర్తా అంతా ఎండకు, ఉతుకులకు వెలిసిపోయింది. ఆ మడతలో మాత్రం కొన్ననాటి నీలం అలాగే ఉంది.