డబ్బాలో పదకొండు కడ్డీలు

ఆ వీధుల్లో బోరు నీళ్లకు సబ్బు నురగ రాదు. వారం తిరిగేసరికి బకెట్లకు తెల్లగా పొర కడుతుంది. ఇక గీజర్ల సంగతి చెప్పాలా! లోపల సున్నం పేరుకుని మూడేళ్లకే మూలన పడతాయి. అలాంటి చోట గీజరక్క చెయ్యి పడినవి పదేళ్లు దాటినా నిక్షేపంగా నీళ్లు కాస్తున్నాయి. ఆ పేరు ఆమెకు ఊరికే రాలేదు.

మొదట్లో ఆడమనిషి చేతిలో స్పానర్ చూసి జనం పెదవి విరిచారు. "విప్పిందో, పైన తుడిచి పోయిందో ఎవరికి తెలుసు?" అన్నారు. ఒక్క టీచరమ్మ మాత్రం తలుపు తీసి, "కానీ అమ్మాయ్" అంది. గీజరులో మెగ్నీషియం కడ్డీ ఒకటుంటుంది, తాను తరిగిపోతూ ట్యాంకును కాపాడుతుంది. అక్క ఏటా సున్నం కడిగి, కొత్త కడ్డీ బిగించి, పాతదాన్ని సాక్ష్యంగా ఇంటివాళ్ల చేతిలో పెట్టేది. మెల్లగా ఒక్కో తలుపూ తెరుచుకుంది.

పన్నెండో ఏట ఆ టీచరమ్మ గీజరే కారింది. కొడుకు పిలిపించిన కంపెనీ మనిషి కింద నిలబడే చూసి, "ట్యాంకు పోయింది, పారేయండి" అన్నాడు. టీచరమ్మ ఫోన్ చేయగానే అక్క గుండెల్లో రాయి పడింది. "నా చేతిలో ఉన్నంతకాలం ట్యాంకుకు చిల్లు పడదు" అని ఆమె మాటిచ్చిన మొదటి ఇల్లది.

వచ్చి కరెంటు తీసింది. నీళ్లు వదిలితే సున్నం పెచ్చులు రాలాయి. మూత విప్పి, టార్చి వేసి, మూలమూలా చూసింది. లోపలి గోడ చెక్కు చెదరలేదు. మూత దగ్గరి వాషరు చిట్లింది.

"వాషరు బాబూ, అంతే! తప్పు నాదే, బాగుంది కదాని నిరుడు మార్చలేదు."

"అంతేనా? ఆ కంపెనీవాడు గోరంతను కొండంత చేశాడు!" కొడుకు నాలిక్కరుచుకున్నాడు. "ముందు మిమ్మల్నే పిలవాల్సింది అక్కా."

"పిలవాల్సిందే మరి!" అంది అక్క.

కొత్త వాషరు, కొత్త కడ్డీ బిగించింది. గంటసేపు చూసినా చుక్క కారలేదు. అలవాటుగా పాత కడ్డీ అందించింది. టీచరమ్మ బిస్కెట్ల డబ్బా తెచ్చి మూత తీసింది. లోపల పదకొండు కడ్డీలు, ఒక్కోదానికి ఏ ఏడాదిదో రాసిన కాగితం చుట్టి ఉంది.

"ఇన్నీ దాచారా! నామీద నమ్మకం లేకనా టీచరమ్మా?"

"పిచ్చిదానా! ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ ఇవి చూపించేదాన్ని. లేకపోతే వీధంతా నీకు తలుపులెలా తీసిందనుకున్నావ్? పని నీది, చూపించడమే నాది."

అక్క కళ్లు నిండాయి, అంతకు మించి గర్వంతో గుండె నిండింది. పన్నెండో కడ్డీకి కాగితం చుట్టి, ఏడాది తన చేత్తోనే రాసి, డబ్బాలో పెట్టింది.