నాది కాని వాడ

నాది కాని బాల్యాన్ని నాదని చెప్పుకుంటూ ఏళ్ల తరబడి జీతం తీసుకుంటున్నాను. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకు కూడా సగమే తెలుసు. మీరు నా మొహం చూడరు కాబట్టి మీకు చెప్తున్నాను. అంతకు మించి ధైర్యం నాకు లేదు.

కరీంనగర్‌లో ఒక క్రైస్తవ కాలేజీలో పాఠాలు చెప్తాను. మాది అర్బన్ స్టడీస్. పట్నాలు ఎట్లా పెరుగుతాయి, ఎవరిని పక్కకు తోసి పెరుగుతాయి, అదీ మా పాఠం. మా ప్రిన్సిపాల్ పాస్టరు కూడా, అందరం అయ్యగారు అంటాం. బస్తీ గురించి చెప్పేవాళ్లు బస్తీలో పెరిగినవాళ్లే కావాలని ఆయన పట్టుదల. అందుకే ప్రతి జూన్‌లో కొత్త పిల్లల్ని చాపెల్లో కూర్చోబెట్టి, మాలో ఒక్కొక్కరి చేత తాము పెరిగిన వాడ గురించి సాక్ష్యం చెప్పిస్తారు. ఒక సారుది భైంసా, వాళ్లమ్మ జిన్నింగు మిల్లులో పత్తి మోసింది. ఇంకో మేడమ్ రైలు పట్టాల పక్క గుడిసెలో పుట్టింది. చివరికి నేను లేస్తాను.

మాది బొగ్గుబాయి పక్కన గుడిసెల వాడ అంటాను. బాపు కాంట్రాక్టు కూలీ, మాకు కంపెనీ క్వార్టర్ లేదు అంటాను. మధ్యాహ్నం ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ సైరన్ మోగగానే నన్ను కన్న అవ్వ సజ్జ మీది గిన్నెలన్నీ దించి నేల మీద పెట్టేది, లేకుంటే అదురుకు ఒక్కటీ నిలిచేది కాదు అంటాను. పిల్లలు కదలకుండా వింటారు. ఒకరిద్దరు కళ్లు తుడుచుకుంటారు. చాపెల్ గోడ మీద పది ఆజ్ఞలు రాసి ఉంటాయి. వాటిలో ఒకటి, అబద్ధ సాక్ష్యం పలకకూడదన్నది, అచ్చంగా నాలాంటి వాళ్ల గురించే. నేను ఆ గోడకు వీపు పెట్టి నిలబడతాను.

ఎందుకంటే అందులో ఒక్క ముక్క కూడా నాది కాదు. మాది జమ్మికుంట దగ్గర ఊరు. మా బాపుకు బోలెడు భూమి, పత్తి మార్కెట్‌లో రైతుల పత్తిని కమీషన్ మీద అమ్మే అడ్తి దుకాణం. మా అవ్వ గిన్నె కడగడం కూడా నేను చూడలేదు. ఆ గిన్నెలు రాజమణివి.

రాజమణి హాస్టల్లో నా రూమ్మేట్, మంచిర్యాల దిక్కు పిల్ల. గిన్నెల సంగతి ఏడుస్తూ ఏం చెప్పలేదు. జడ వేసుకుంటూ, నవ్వుతూ చెప్పింది. చదువు అయ్యాక ఈ ఉద్యోగానికి ఇద్దరం కలిసే వచ్చాం. ఉన్నది ఒక్కటే పోస్టు.

ముందు నన్ను పిలిచారు. అయ్యగారు చదువు గురించి అడగనే లేదు. "నువ్వు పెరిగిన వాడ ఎట్లుంటదో చెప్పు బిడ్డా" అన్నారు. ఏం చెప్పాలి? మేడ మీది నుంచి కూలీలను చూశానని చెప్పాలా? రాజమణి గిన్నెలు దించడం మొదలుపెట్టాను. మరి బడి జమ్మికుంటలో ఎట్లా చదివావంటే, మా మామ ఇంట్లో ఉండి అన్నాను. అబద్ధం అంత సాఫీగా వస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు.

తర్వాత రాజమణి లోపలికి పోయింది. తొందరగానే బయటికొచ్చింది.

"అందరు ఒకల మొఖం ఒకలు చూసుకుంటున్నరే. గా పాస్టరు సారైతే, గీ గిన్నెల ముచ్చట ఇప్పుడే విన్నమమ్మా అన్నడు. నువ్వు లోపల ఏం చెప్పినవ్?"

"నా సంగతే చెప్పిన."

"నీ సంగతేంది?"

"గదే... మా బాపు, పత్తి, జమ్మికుంట."

రాజమణి తన ఫైలు చంకన పెట్టుకుంది. "సరే తియ్" అంది. బస్టాండుకు ఒక్కతే నడిచిపోయింది. మళ్లీ మాట్లాడలేదు. ఆమె ఏ ఉద్యోగం చేస్తోందో, ఎక్కడుందో వెతికే ధైర్యం కూడా నేను చేయలేదు. వెతికితే దొరుకుతుందేమోనని భయం.

అబద్ధానికి కాపలా కాయడమే నా బతుకైంది. ఒకసారి మా బాపు చెప్పకుండా కారులో మామిడిపండ్ల బుట్ట పట్టుకొని కాలేజీ గేటు దగ్గరికి వచ్చాడు. పక్కన పిల్లలున్నారు. మా మామ అని పరిచయం చేశాను. బాపు బుట్ట దించి కారెక్కాడు. ఆ రోజు గురించి ఇప్పటికీ అడగలేదు. అడిగితే ఏం చెప్తాను?

ఈ జూన్‌లో నా సాక్ష్యం అయ్యాక అయ్యగారు లేచి, ఈసారి పిల్లల్ని ఆ వాడకు మేడమే తోలుకపోతది అన్నారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను చెప్పుకునేది రాజమణి వాడ పేరే, గని పెరిగినప్పుడు ఆ వాడ వాళ్లకు వేరే చోట ప్లాట్లు ఇచ్చారు. రాజమణి వాళ్లమ్మ అక్కడే ఉందని విన్నాను. అక్కడికే బస్సు మాట్లాడారు. శనివారం. ఒక పిల్ల అయితే, గిన్నెలు దించిన అవ్వను చూడాలి మేడమ్ అంటూ నా వెంటే తిరుగుతోంది. నాకు అన్నం సయించడం లేదు. జ్వరమని పడుకోవచ్చు. ఈ ఏడు తప్పించుకుంటాను, వచ్చే ఏడు? ఉద్యోగం పోతుందని భయమా, ఆ పిల్లల మొహాలు మారిపోతాయని భయమా? రెండూ. అన్నిటికంటే, ఆ వీధిలో ఏదో ఒక తలుపు తెరుచుకొని రాజమణి నిలబడి ఉంటుందేమోనని వణుకు.

శనివారం బస్సు ఎక్కుతానో లేదో తెలియదు. అయ్యగారికి నిజం చెప్తానని మీకు మాట ఇవ్వలేను. నన్ను క్షమించమని కూడా అడగను, అది మీ చేతిలో లేదు.

ఇన్నాళ్లూ భయంలో నోరు జారిందని నాకు నేను నచ్చజెప్పుకున్నాను. కాదు. ఆ ఇంటర్వ్యూ రోజు అటెండరు మమ్మల్ని వరుసలో పక్కపక్కనే కూర్చోబెట్టాడు. నేను లేస్తుంటే నా చున్నీ సరిచేసింది రాజమణే. నా తర్వాత ఆ కుర్చీలో కూర్చునేది ఆమేనని, ఆ గిన్నెలు తప్ప చెప్పుకోవడానికి ఆమెకు వేరే ఏమీ లేవని, నేను మాట్లాడుతున్నంతసేపూ నాకు తెలుసు. తెలిసే చెప్పాను.

రాసేశాను. కాస్త ఊపిరి ఆడుతోంది. ఈ ఒక్క సాక్ష్యం నాది, ఎవరి దగ్గరా తీసుకున్నది కాదు.