రెండడుగులు లేని టేపు

నా చిన్నప్పుడు మా మేనమామ చేతిలో ఎప్పుడూ ఒక కొలత టేపు ఉండేది. గుండ్రటి తోలు డబ్బీలో చుట్టుకుని ఉండే వంద అడుగుల గుడ్డ టేపు. డబ్బీకి ఉన్న ఇత్తడి పిడి తిప్పితే గిరగిరా లోపలికి పోయేది. శంషాబాద్ పక్కన విమానాశ్రయం వస్తుందని పుకారు పుట్టిన రోజులవి. అది ఎక్కడ వస్తుందో, ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు కానీ, మా ఊరి నుంచి మహేశ్వరం పోయే దారిలో జొన్న చేలు మాత్రం ఒక్కొక్కటే ప్లాట్లయిపోయాయి. మా మామ ఒక పెద్దమనిషి దగ్గర ఆ ప్లాట్లు కొలిచి హద్దురాళ్ళు పాతించే పనిలో ఉండేవాడు. ఆదివారాలు పట్నం నుంచి కార్లలో వచ్చేవాళ్ళకు ఆయన ఆ రాళ్ళు చూపించే తీరు చూస్తే, అక్కడ అప్పటికే మేడలు లేచాయేమో అనిపించేది.

బడి లేని రోజుల్లో నేను ఆయన వెంటే తిరిగేవాణ్ణి. టేపు మొదట్లో ఒక ఇత్తడి ఉంగరం ఉండేది. ఆ చివర ఎప్పుడూ మామ చేతిలోనే. డబ్బీ పట్టుకుని ముందుకు నడవడం నా పని. టేపు బిగుసుకోగానే వంగి అంకె చూసి "ముప్పై" అని అరిచేవాణ్ణి. అక్కడ రాయి పాతేవారు, దాని నెత్తిన తెల్ల రంగు వేసేవారు. ఊళ్ళో ఏ పిల్లవాడికీ దక్కని పని నాకు దక్కిందని తెగ మిడిసిపడేవాణ్ణి. మామ మీద నాకు ఎంత గురి అంటే, మా బాపు ఏదైనా చెప్తే అది నిజమేనా అని మామను అడిగి నిర్ధారించుకునేవాణ్ణి.

నాకు పన్నెండు దాటిన ఏడాది, సైన్యంలో చేరబోయే పిల్లల్ని ముందుగానే తయారుచేసే ఒక బడికి పరీక్ష రాశాను. అందులో చేరితే తిండీ, బట్టా, చదువూ అన్నీ వాళ్ళే చూసుకుంటారు. పెద్దయ్యాక అధికారి అయ్యే దారి అక్కడి నుంచే మొదలవుతుంది. రోడ్డు పక్కన లారీ టైర్లకు పంక్చర్లు వేసే మా బాపు ఆ బడి కాగితాన్ని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, దేవుడి పటం వెనక దాచాడు. రాత పరీక్షలో నెగ్గాను. ఇక మిగిలింది దేహ దారుఢ్య పరీక్ష. అందులో కడ్డీ పట్టుకుని పైకి లేవడం, దూకడం నాకు పెద్ద లెక్క కాదు. అసలు గండం పరుగు. పదహారు వందల మీటర్లు ఏడు నిమిషాల్లో పూర్తి చేయాలి. ఒక్క సెకను దాటినా ఇంటికి పంపేస్తారు. మరుసటి ఏడాదికి నా వయసు దాటిపోతుంది కాబట్టి నాకున్నది ఆ ఒక్క అవకాశమే.

పదహారు వందల మీటర్లంటే ఎంతో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. మామ నన్ను ప్లాట్ల దగ్గరికి తీసుకెళ్ళి పుల్లతో నేల మీద లెక్క వేశాడు. ఒక వరుసకు ముప్పై అయిదు ప్లాట్లు. ఒక్కోటి ముప్పై అడుగుల వెడల్పు. మొత్తం వెయ్యిన్నీ యాభై అడుగులు, అంటే మూడు వందల ఇరవై మీటర్లు. ఆ వరుసను అయిదుసార్లు పరుగెత్తితే సరిగ్గా పదహారు వందలు. నేను కూడా పుల్ల తీసుకుని గుణించి చూశాను. లెక్కలో ఒక్క తప్పు లేదు. నేను అరిచి చెప్పిన ముప్పైలే నన్ను మిలిటరీ బడికి చేర్చబోతున్నాయని నాకెంత సంబరమో చెప్పలేను.

మూడు నెలలు తెల్లవారుతూనే అక్కడికి పోయాం. మామ చివరి రాయి మీద కూర్చుని చేతి గడియారం చూస్తుండేవాడు. మొదట్లో ఎనిమిది నిమిషాలు దాటేది. తర్వాత ఏడున్నర. మూడో నెల మొదట్లో ఒకరోజు ఆరు నిమిషాల నలభై అయిదు సెకన్లు పట్టింది. నేను గంతులేశాను. మామ మాత్రం నవ్వలేదు. "ఆరున్నరకు రావాలెరా" అన్నాడు. ఏడు చాలు కదా మామా అంటే, "నేను చెప్తున్న గదా, ఆరున్నర" అన్నాడు. ఆ తర్వాత రోజూ అదే మాట. ఆయనకు ఆశ ఎక్కువని నవ్వుకున్నాను. ఒకసారి బెంగుళూరు రోడ్డు మీది కిలోమీటరు రాళ్ళ పక్కన పరుగెత్తి చూసుకుంటానని అడిగితే, లారీలు తిరిగే రోడ్డు, వద్దంటే వద్దన్నాడు. నా ప్రాణం మీద ఎంత ప్రేమో, ఎంత పావురమో అనుకున్నాను. ఎంత కష్టపడినా నాకు ఆరు నలభై అయిదుకు తక్కువ రాలేదు. ఏడుకు పదిహేను సెకన్లు మిగులుతున్నాయి కదా అని ధైర్యంగా ఉన్నాను.

పరీక్ష రోజు బడి మైదానంలో సున్నంతో గీసిన గుండ్రటి బాట చూశాను. నాలుగు చుట్లు. మూడు చుట్ల వరకూ నా ముందు ఇద్దరే ఉన్నారు. మూడు నెలల్లో నా కాళ్ళకు దూరం తెలిసిపోయింది. ఎక్కడ ఊపిరి దాచుకోవాలో, ఎక్కడ ఉన్నదంతా ఊడ్చి పెట్టాలో నేను ఆలోచించనక్కర్లేదు, అవే చూసుకునేవి. నాలుగో చుట్టులో అవి ఎప్పటిలాగే వేగం పెంచాయి. పళ్ళు బిగించి పరుగెత్తాను. ఇక అయిపోయింది, గీత వచ్చేసింది అని ఒళ్ళంతా చెప్తున్న చోట గీత లేదు. తలెత్తి చూస్తే అది ఇంకా వంద మీటర్ల అవతల ఉంది. కాళ్ళు బరువెక్కిపోయాయి. వెనకున్న పిల్లలు ఒక్కొక్కరే నన్ను దాటిపోయారు. నేను గీత దాటేసరికి ఏడు నిమిషాల పద్నాలుగు సెకన్లు.

అక్కడ పరుగు పరీక్ష చూస్తున్నాయన పాతబస్తీకి చెందిన ఒక రిటైర్డ్ సుబేదారు. తెల్లగడ్డం, నిటారు మనిషి. నా పేరు కొట్టేసిన తర్వాత కూడా నా దగ్గరికి వచ్చి నీళ్ళిచ్చాడు. "బేటా, ఊపిరి మంచిగ పట్టినవ్. ఆఖర్ల గంత తొందరేంది? గీత ఇంక దూరం ఉండె గదా" అన్నాడు. ఇంటి దగ్గర నీకు దూరం కొలిచి ఇచ్చిందెవరని అడిగాడు. మా మామ అని చెప్పాను. "ఇంటికి పోయినంక ఒకపారి నువ్వే కొలుచుకో" అని నా భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం ఇంట్లో మామ కూడా ఉన్నాడు. బాపు నన్ను కొట్టలేదు. కొట్టినా బాగుండేది. దేవుడి పటం వెనకనుంచి ఆ కాగితం తీసి నా ముందు పడేశాడు. "మామ మొత్తుకుంటనే ఉండె, ఆరున్నరకు రావాలె అని. ఇన్నవా? జర మంచిగ ఉరికితే సాలనుకున్నవ్. నీ బద్ధకమే నిన్ను ముంచింది" అన్నాడు. నేను మామ వైపు చూశాను. వీడు బద్ధకస్తుడు కాదు బావా అని ఒక్కమాట అంటాడని చూశాను. రోజూ తెల్లవారకముందే లేచి నేను ఎలా పరుగెత్తానో చూసినవాడు ఆయనొక్కడే. ఆయన చేతిలోని టీ గ్లాసును తిప్పుతూ కూర్చున్నాడు తప్ప నోరు విప్పలేదు.

మర్నాడు బడి నుంచి అడుగు స్కేలు తీసుకుని ప్లాట్ల దగ్గరికి పోయాను. ఒక రాయి నుంచి పక్క రాయికి స్కేలు వెనక స్కేలు పెట్టుకుంటూ, మోకాళ్ళ మీద పాకుతూ కొలిచాను. ఇరవై ఎనిమిది. లెక్క తప్పానేమో అని మళ్ళీ మొదటినుంచి కొలిచాను. ఇరవై ఎనిమిదే. పక్క ప్లాటు, దాని పక్క ప్లాటు, అన్నీ అంతే. అప్పటికీ నాకు అర్థం కాలేదంటే నమ్మండి. నా స్కేలే తప్పనుకున్నాను. మామ టేపుతో సరిచూసుకుందామని, ప్లాట్ల చివర నిలిపి ఉన్న ఆయన సైకిలుకు తగిలించిన సంచిలోంచి డబ్బీ తీసి మొదటి చివర లాగాను.

అంతకాలం నేను ఆ చివరను దగ్గరగా చూడనేలేదు. టేపు మీద మొదట కనబడిన అంకె మూడు. ఒకటి లేదు, రెండు లేదు. రెండడుగుల ముక్క కత్తిరించి, మిగిలినదానికి ఉంగరం పెట్టి ఎర్ర దారంతో నీటుగా కుట్టి ఉంది. నేను అవతలి చివర "ముప్పై" అని అరిచినప్పుడల్లా ఒక్కో ప్లాటు రెండడుగులు తరిగిపోయింది. ముప్పై రెండు ప్లాట్లు పట్టే జాగాలో ముప్పై అయిదు పుట్టుకొచ్చాయి. అయిదు వరుసల పరుగులో నాకు వంద మీటర్లకు పైగా తగ్గిపోయింది. ఆ ముప్పై అయిదింటిలో ఒకటి మా బాపు కొన్నది కూడా.

టేపు చేతిలో పట్టుకుని అక్కడే కూర్చున్నాను. మామ వచ్చి చూశాడు. బుకాయించలేదు. నా చేతిలోంచి టేపు తీసుకుని మెల్లగా చుట్టుకుంటూ, "గందుకేరా ఆరున్నర ఆరున్నర అన్నది. గట్ల వస్తే నువ్వు అక్కడ గెలుస్తుంటివి" అన్నాడు. మరి నాకెందుకు చెప్పలేదు అన్నాను. "నీకు చెప్తే మీ బాపుకు చెప్తవ్. ఇగ నా బతుకేం గావాలె?" అన్నాడు. ఆ కొలత పొట్టిదని మరిచిపోయాడేమో, పొరపాటేమో అని అప్పటిదాకా మనసులో ఒక మూల సాకులు వెతుక్కుంటూనే ఉన్నాను. కానీ ఆయన మరిచిపోలేదు. తగ్గిన దూరానికి ఎన్ని సెకన్లో కూడా లెక్క కట్టాడు. నాతో మూడు నెలలు ఆ రాళ్ళ మధ్య పరుగు పెట్టించి, తన అబద్ధాన్ని నా కాళ్ళతో సరిచేయించాలనుకున్నాడు. అది కుదరకపోతే, నా మీద పడ్డ నిందను వింటూ టీ తాగాడు.

నేను బాపుకు చెప్పలేదు. మా అమ్మకు ఉన్నది ఆ ఒక్క తమ్ముడే. ఆమె పొయ్యి దగ్గర కూర్చుని తమ్ముడి పిల్లల గురించి మాట్లాడుతుంటే నాకు నోరు రాలేదు. మూడేళ్ళకు బాపు ఆ ప్లాటులో ఇల్లు మొదలుపెట్టాడు. పునాదికి ముగ్గు పోసే రోజు మేస్త్రీ తన టేపుతో కొలిచి, రెండడుగులు తక్కువుందని చెప్పాడు. బాపు నా ముఖం చూశాడు. నేను ఆశ్చర్యపోలేదని కనిపెట్టాడు. "నీకు ఎరికేనా?" అన్నాడు. తల ఊపాను. పరుగు పరీక్ష మర్నాటి నుంచీ తెలుసని చెప్పాను. బాపు హద్దురాయి మీద కూర్చున్నాడు. తర్వాత, "ఆ దినం నిన్నే తిట్టిన గదరా" అన్నాడు. తన ప్లాటు గురించి ఆయన అప్పుడు ఒక్క మాటా అనలేదు. నేను మామను తప్పుబట్టినట్టే ఆయన నన్ను తప్పుబట్టవచ్చు. మూడేళ్ళు నేనూ తెలిసి దాచినవాణ్ణే. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నా తల వంగిపోతుంది. ఆ రెండడుగులు లేక, మా ఇంటి వరండాలో కుర్చీ వేస్తే మనిషి పక్కకు తిరిగి నడవాలి.

నేను అధికారిని కాలేదు. రాజేంద్రనగర్ దగ్గర ఒక బడిలో వ్యాయామం నేర్పుతూ, సైనిక బడులకు పోదామనుకునే పిల్లలకు ఉదయాలు పరుగు చెప్తుంటాను. కొత్త పిల్లలు వచ్చిన మొదటి రోజు వాళ్ళ చేతనే మైదానం కొలిపిస్తాను. టేపు మొదటి చివర పిల్లవాడి చేతిలో పెట్టి, ఒకటి ఉందా లేదా చూసి చెప్పమంటాను. పరుగు అయ్యాక ఎన్ని సెకన్లు తక్కువ పడ్డాయో వాడి ముఖం మీదే చెప్తాను. కొందరు ఏడుస్తారు. సారుకు జాలి లేదని తల్లులు అనుకుంటారని నాకు తెలుసు.

కిందటేడు మామ తన మనవణ్ణి నా దగ్గరికి తీసుకొచ్చాడు. ఏళ్ళ తర్వాత చూశాను. జుట్టంతా నెరిసి, చేతికర్ర వచ్చింది. మనవడికి కూడా అలాంటి బడే కావాలట. నేను కాదనలేదు. ఎప్పటిలాగే టేపు చివర ఆ పిల్లవాడి చేతిలో పెట్టాను. "ఒకటి ఉంది సార్" అని వాడు గట్టిగా అరిచాడు. మామ ముఖం పక్కకు తిప్పుకుని, శంషాబాద్ వైపు దిగుతున్న విమానాన్ని చూస్తూ నిలబడ్డాడు. ఆయన క్షమించమని అడగలేదు, నేనూ క్షమించానని చెప్పలేదు. ఆ పిల్లవాడికి మాత్రం దూరం సరిగ్గా కొలిచి ఇచ్చాను.

పిల్లలతో పాటు నేనూ రోజూ పరుగెత్తుతాను. ఇన్నేళ్ళయినా, ఎన్ని మైదానాలు మారినా, పదహారు వందలకు వంద మీటర్ల ముందు నా కాళ్ళు ఆగబోతాయి. గీత అక్కడే ఉందని నమ్మిన కాళ్ళు అవి. రోజూ అక్కడ వాటికి ఇంకా ఉంది, పద, అని చెప్పి మిగతా వంద మీటర్లు పరుగెత్తిస్తాను.