నా ఇయర్‌ఫోన్స్ నాలుగేళ్లు రాలేదు

ఇయర్‌ఫోన్స్ ఎన్నాళ్లు రావాలన్న మాట వస్తే మా చుట్టాలంతా నా మెడవైపు చూసేవారు. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ కొట్లో కొన్న తెల్ల వైరు నాలుగేళ్లుగా అక్కడే వేలాడుతుండేది. "వాడే తీరును బట్టి ఉంటది" అని నేను కూడా పెద్దమనిషిలా చెప్పేవాణ్ని.

అది అబద్ధం. అవి వచ్చింది ఆరు నెలలు. ముందు ఎడమ చెవి పోయింది. పిన్ను దగ్గర వైరు మెలిపెట్టి పట్టుకుంటే కుడి చెవిలో కొన్నాళ్లు పాట వచ్చేది. తర్వాత అదీ పోయింది.

పారేయకపోవడానికి కారణం మా బామ్మర్ది. కర్మన్‌ఘాట్‌లో ఉంటాడు. రోజూ సాయంత్రం ఎల్బీ నగర్‌లోని మా ఇంటికి వస్తాడు. అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర అతనికో ప్లాటుంది. దాని హద్దురాళ్లు, పక్క ప్లాటాయన గేదె, రాబోయే రోడ్డు, రాకుండా పోయిన రోడ్డు, అన్నీ రోజూ మొదటి నుంచి చెబుతాడు. నా చెవుల్లో వైర్లుంటే మాత్రం "బావ పాటలింటుండు" అని మర్యాదగా వాళ్లక్కవైపు తిరిగేవాడు. నేను రాని పాటకు తల ఊపుతూ గేదె సంగతంతా వినేవాణ్ని.

నన్ను చూసి అతనూ అదే కొట్లో అలాంటివే కొన్నాడు. రెండు నెలలకే పోయాయి. మొన్న నన్ను సాక్ష్యానికి తీసుకుపోయాడు.

"మా బావయి నాలుగేండ్ల సంది నడుస్తున్నయ్. నాకు డూప్లికేట్ అంటగట్టినవ్," అన్నాడు కొట్టతనితో.

"నాలుగేండ్లా? గవి ఏడాదొస్తే నేనే దండేస్తనన్నా."

"అయితే దండ తెప్పియ్," అంటూ మా బామ్మర్ది నా మెడలోని వైరు లాగి, తన ఫోన్‌కు గుచ్చి చెవిలో పెట్టుకున్నాడు. సౌండ్ పెంచాడు. ఇంకా పెంచాడు. ముఖం పాలిపోయింది.

"బావా, నేను గుంజిన గదా. ఖరాబైనట్టున్నయ్."

అప్పుడే చెప్పాల్సింది. "పోనీలే" అన్నాను. ఎంత పెద్ద మనసు అన్నట్టు చూసి, తన తగాదా మరిచిపోయి, నాకు కొత్తవి కొనిచ్చాడు. మెట్రోలో దారిపొడవునా "నాలుగేండ్లు నడిచినయ్, నా చేతిల పోయినయ్" అంటూనే ఉన్నాడు, ఎవరో దగ్గరివాళ్లు పోయినట్టు.

ఆ సాయంత్రం మా ఇంట్లో కూర్చుని ప్లాటు ఊసే ఎత్తలేదు.

"అవి ఎప్పుడో పోయినయ్‌రా. ఉత్తగనే పెట్టుకుంటున్న," అని చెప్పేశాను.

"నాకెరుకనే తమ్మీ," అంది మా ఆవిడ వంటింట్లోంచి. "చాయ్ అని మెల్లగంటే సాలు, లేసొస్తుండె మీ బావ."

బామ్మర్ది నావైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను.

"అంటే గిన్ని దినాలు నేను చెప్పిందంతా ఇన్నవా, బావా?"

"ఇన్న."

"గేదె సంగతి?"

"నీ హద్దురాయికి వీపు రుద్దుకొని రాయిని పడేసింది."

అతని ముఖం వెలిగిపోయింది. కుర్చీ నా పక్కకు లాక్కున్నాడు.

"అయితే మొదటి సంది చెప్పే పనిలేదు. మొన్న గా రాయి నిలబెట్టనీకి పోయిన సూడు..."

కొత్తవి ఇంకా డబ్బాలోనే ఉన్నాయి. ఈ లెక్కన అవి నిజంగానే నాలుగేళ్లు వస్తాయి.