కాశీలో వదలని బీడీ

మా బావ సీతారాములు గురించి రాయాలంటే బీడీతోనే మొదలుపెట్టాలి. మనిషి కన్నా ముందు ఆ వాసనే వచ్చేది. ఆయన మా చెల్లెలు ముత్తమ్మ భర్త, ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటాం. నకిరేకల్ పక్క పల్లె నుంచి వచ్చి, కర్మన్‌ఘాట్‌లో మా వెనక వీధిలోనే కాపురం పెట్టారు. మొదట కొత్తపేట పండ్ల మార్కెట్‌లో హమాలీ. బుట్టలు మోసి మోసి చివరికి సొంత ట్రాలీ ఆటో కొనుక్కున్నాడు. బత్తాయి లోడుతో దిల్‌సుఖ్‌నగర్ సందుల్లో రివర్స్ తీస్తుంటే చూసి తీరాలి, గోడకు అద్దం తగలదు. ఎవరితోనూ మాట పడడు. ఒక్క బీడీ దగ్గరే మొండి.

నా సంగతీ చెప్పాలి. ఊరి బడిలో ఏడో తరగతి వరకే చదివాను, కానీ ఆ ఏడులో తాలూకా ఫస్టు నేనే. ఆర్టీసీలో బస్సు నడిపినంత కాలం ఒక్క యాక్సిడెంట్ లేదు, దానికి మెడల్ ఇచ్చారు. మా కాలనీకి కృష్ణా నీళ్ల పైపు తెప్పించిన కమిటీకి ప్రెసిడెంట్‌ను. అంతటివాడిని, బావ చేత బీడీ మాన్పించడం ఒక లెక్కా అనుకున్నాను. అదే నా వల్ల కాలేదు.

కాశీకి పోయినవాళ్లు ఇష్టమైనది ఒకటి గంగలో వదిలి రావాలి, మళ్లీ దాని జోలికి పోకూడదు. "బీడీ కాశీల ఇడుస్త బావా" అని ఏళ్ల తరబడి ఊరించాడు. సరే అని కాలనీ వాళ్లందరినీ కూడగట్టి కాశీ యాత్ర కూడా నేనే నడిపించాను. ఘాట్‌లో మునిగి, కళ్లు మూసుకుని ఏదో గొణిగాడు. ముత్తమ్మ సంతోషంతో దండం పెట్టుకుంది. తీరా తిరుగు రైలెక్కే ముందు చూస్తే, ప్లాట్‌ఫారం చివర పొగ.

"ఏంది బావా గిది? గంగల ఇడిసినవ్ గద?"

"ఇడిసిన. కాకరకాయ."

"నువ్వు కాకరకాయ ఎన్నడన్న తిన్నవా?"

"గందుకే జల్ది ఇడిసిన. బీడీ సంగతి మల్లొచ్చినప్పుడు సూద్దాం."

ఆ తర్వాత కరోనా వచ్చింది. బావకు అప్పటికే మెట్లెక్కితే దగ్గు. బస్తీ దవాఖాన డాక్టరమ్మ నా ముందే చెప్పింది: పొగ తాగేవాళ్ల ఊపిరితిత్తులకు ఈ జబ్బు పట్టుకుంటే ముదిరే భయం ఎక్కువ, ఈ రోజు మానేస్తే ఈ రోజు నుంచే మేలు అని. తల ఊపాడు. బయటికొచ్చి మాస్కు గడ్డం కిందికి లాగి బీడీ ముట్టించాడు.

"బావా, డాక్టరమ్మ ఏం జెప్పింది, నువ్వేం జేస్తున్నవ్?"

"కాశీకి వోయి ఇడుస్త అన్న గద. రైళ్లు బంద్ వెట్టిండ్రు, నేనేం జెయ్యాలె?"

"కరోనాకు రైలుతోటి పనిలేదు. నడుసుకుంట ఇంటికే ఒస్తది."

"గీ ఉపన్యాసం కాలనీ మీటింగ్‌ల జెప్పు, చప్పట్లు గొడ్తరు."

పక్క వీధి గంగాధరరావు గారిని ఆక్సిజన్ పెట్టి అంబులెన్సులో తీసుకుపోయిన రోజు కూడా బావ వాళ్ల గేటు దగ్గర నిలబడి గొంతు పోయేలా చెప్పాను. అగ్గిపెట్టెలు దాచాను. గ్యాస్ పొయ్యి మీద ముట్టించుకున్నాడు! ఇంత మొండితనం నా సర్వీసులో ఏ ప్యాసింజర్ దగ్గరా చూడలేదు.

ఒకరోజు పొద్దున నేను మళ్లీ మొదలుపెట్టగానే ముత్తమ్మ లోపలికి పోయి, దేవుడి అర నుంచి గంగచెంబు తెచ్చింది. కాశీ నుంచి తెచ్చిన సీలు చెంబు అది. పోయే ప్రాణానికి నోట్లో పోయడానికని ఇళ్లలో అలాగే దాచుకుంటాం. కత్తిపీట మొనతో సీలు పెళ్లగించడం మొదలుపెట్టింది.

"ఏం జేస్తున్నవే! అది పోయేటప్పుడు నోట్ల వోసేది!" బావ అరిచాడు.

"గా రోగమొస్తె దవాఖానల నన్ను లోపటికి రానిస్తరా? నీ నోట్ల ఎవరు వోస్తరు? చెయ్యి వట్టు. గంగ ఇంటికే ఒచ్చింది. ఇడుస్తవా, ఇడువవా?"

బావ నా వైపు చూశాడు. మెల్లగా చెయ్యి చాపాడు.

"పేరు వెట్టి జెప్పు," అంది ముత్తమ్మ, అరచేతిలో గంగ పోస్తూ.

"బీడీ ఇడిసిన," అన్నాడు.

ఇన్ని నెలలు నేను అరిచిందంతా ఏమైపోయినట్టు? ఆ చెంబులాంటిదే మా ఇంట్లోనూ ఉంది, నాకెందుకు తోచలేదో ఇప్పటికీ మింగుడు పడదు. అక్కడితో సుఖపడ్డామా అంటే అదీ లేదు. బీడీ లేక బావకు నిద్ర లేదు, కూరలో ఉప్పు లేదని గొడవ, అన్నిటికీ కారణం నేనేనని నా మీద చిరాకు.

కొన్ని వారాలకు ఆయనకే జ్వరం వచ్చింది. టెస్టులో పాజిటివ్. వెనక గదిలో ఒంటరిగా పడుకుని, దవాఖానలో చేరే అవసరం లేకుండానే తేరుకున్నాడు. బీడీ మానడం వల్లేనా అంటే డాక్టరమ్మ గట్టిగా చెప్పలేదు. తాగుతూ ఉంటే మాత్రం తాను భయపడేదాన్నని అంది.

ఆ జ్వరం రోజుల్లోనే ఒక పొద్దున ఇడ్లీ డబ్బా తీసుకుని కిటికీ దగ్గరికి పోయాను. బావ లేచి కూర్చున్నాడు.

"బావా, ఒక్క బీడీ తెచ్చియ్యి. పానం గుంజుతున్నది."

నాకు ఒళ్లు మండిపోయింది. "సిగ్గున్నదా నీకు? చెల్లె గా చెంబు ఎందుకు తెరిసింది? చస్తే తేను!"

దగ్గుతూనే నవ్వాడు. "నువ్వు తెచ్చినా తాగ. ఊకెనే అడిగిన, తెస్తవా ఏందని సూసిన."

జ్వరంలో ఉన్న మనిషిని ఏమనాలి? డబ్బా కిటికీలో పెట్టి, చట్నీ ఒలకకుండా తినమని కసిరి వచ్చేశాను.